చారల చేప మీద జాలిపడకండి

బాబాయ్,

నేను పరీక్షకి వెళ్తున్నాను. అక్వేరియంలో నీళ్లు గీత కిందికి దిగాయి. మీరు మాత్రం మళ్లీ ఉప్పు కలిపిన నీళ్లు పోయకండి. ఆవిరైపోయేది నీళ్లే, ఉప్పంతా లోపలే ఉండిపోతుంది. బల్ల కింద క్యాన్‌లో ఉన్న ఫిల్టరు నీళ్లు గ్లాసుతో కొంచెం కొంచెంగా గీత దాకా పోయండి, చాలు.

"సముద్రం చేపకి చప్పిడి నీళ్లేమిటే, పాపం!" అంటూ మీరు రోజూ ఉప్పునీళ్లే పోశారు. మీ జాలికో దండం, నీలం చేప పోయింది. ఎదురుగా అనలేక ఇలా రాస్తున్నాను. పిన్ని ఊరి నుంచి వచ్చేసరికి ఆవిడ చారల చేపైనా మిగలాలి.

చదివాక ఈ చీటీ చించేయండి. నీలం చేపకి జబ్బు చేసిందని పిన్నికి ఫోనులో చెప్పేశాను.