గోడకున్న ముక్కు

హార్ట్‌పూల్
21 నవంబర్ 2010, ఆదివారం

చిరంజీవి కోలిన్ రెయిన్‌కు,

విన్నీ స్టాబర్ట్ ఆశీర్వదించి రాస్తున్నది. నువ్వూ మరియనూ పిల్లలూ కులాసా అని తలుస్తాను. ఇక్కడ మేము క్షేమం అని రాయబోయి కలం ఆపాను. మా ఆయన విల్ఫ్ పోయి పది నెలలైనా చెయ్యి ఇంకా 'మేము' అనే రాస్తోంది. నేను క్షేమమే. మోకాళ్ళు మాట వినవు, అంతే. చర్చి సంతకి, చలిగాలి రాకుండా తలుపుల కింద పెట్టే గుడ్డపాములు ఈ ఏడు కూడా పన్నెండు కుట్టాను. కుక్క మొహం పెట్టి మరియన్‌కి ఇచ్చినది ఇంకా మీ ముందుగది తలుపు దగ్గరే ఉందా?

గురువారం మందుల షాపు దగ్గర మరియన్ కనిపించింది. నన్ను చూసి రోడ్డు దాటబోయింది, మళ్ళీ ఏమనుకుందో వెనక్కి వచ్చింది. నువ్వు వ్యాను అమ్మేశావనీ, స్టాక్టన్‌లో ఏదో గోదాములో అట్టపెట్టెలు మోస్తున్నావనీ చెప్పింది. డిసెంబరు మూడున లైసెన్సు బోర్డు వాళ్ళ ముందు నిలబడాలట కదా. అక్కడ తప్పు నీదని తేలితే ఇక జన్మలో గ్యాసు పని ముట్టుకోనివ్వరట, ఆ పైన పోలీసు కేసూ నడుస్తుందట. నీతో పని చేయించుకున్నవాళ్ళు నీ గురించి నాలుగు మంచి ముక్కలు రాసిస్తే పనికొస్తుందని లాయరు అన్నాడట. నన్ను అడగడానికి పాపం ఆ పిల్లకి నోరు పెగల్లేదు. నేనే రాస్తానన్నాను. మొగుణ్ణి పోగొట్టుకున్నది రాస్తే ఆ ఉత్తరానికి విలువ ఎక్కువే కదా.

వెళ్తూ వెళ్తూ ఇంకో మాట అంది. పొద్దున లేచి బూట్లు చేత్తో పట్టుకుని మెట్ల మీద అలాగే కూర్చుండిపోతున్నావట. ఆ సెప్టెంబరులో బాయిలర్ లోపల నిజంగా బ్రష్షు పెట్టానా, పెట్టాననుకుంటున్నానా, నాకే తెలియడం లేదే మరియన్ అంటున్నావట. అందుకని ముందు నీకు రాసి, బోర్డువాళ్ళకి కావలసింది అందులోంచి ఏరుకుందామని కూర్చున్నాను.

నువ్వు మొదటిసారి మా ఇంటికొచ్చింది తొంభై ఆరు మార్చిలో. సముద్రం మీంచి వచ్చే ఈదురుగాలికి, ఇంటికంతా వేణ్ణీళ్ళు తిప్పి వెచ్చబెట్టే మా బాయిలర్‌లో చిన్న మంట రోజుకి నాలుగుసార్లు ఆరిపోయేది. విల్ఫ్ వంటింటి నేల మీద బోర్లా పడుకుని బటను నొక్కీ నొక్కీ, నోటికొచ్చినట్టు తిడుతూ ఉండేవాడు. నువ్వు వచ్చి మంట పక్కనుండే పుల్లంత రాగికడ్డీ ఒకటి మార్చావు. దానికి వేడి తగిలితేనే బాయిలర్ గ్యాసు వదులుతుందనీ, అది పాడైతే మంట ఉన్నా లేదనుకుని కట్టేస్తుందనీ చెప్పావు. విల్ఫ్ ఆ కడ్డీని అరచేతిలో పెట్టుకుని, ఓరి నీ దుంపతెగా, ఇంత పుల్ల కోసమా నేను వారం రోజులు నడుం విరగ్గొట్టుకుంది అన్నాడు. ఉక్కు ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు క్రేను నడిపిన మనిషికి చిన్న వస్తువంటే లోకువ.

బాయిలర్‌కి మా అమ్మ పేరు పెట్టిందీ ఆయనే. లోపల సున్నం పేరుకుని అది గురగురలాడినప్పుడల్లా, అదుగో మీ అమ్మ ఏడా మొదలెట్టిందే, ఇవాళ నేనేం పాపం చేశానో అనేవాడు. నువ్వు మొహంలో నవ్వు కనబడనివ్వకుండా, ఏడాగారికి కడుపులోకి మందు పోయాలండీ అన్నావు. ఏదో ద్రావకం పోసి, రెండు రోజులు తిరగనిచ్చి, కడిగి వెళ్ళావు. ఏడా మళ్ళీ నోరెత్తలేదు. మా మామగారు కూడా మా అత్తకి ఆ మందేదో పోసుంటే బాగుండేదిరా కోలిన్ అని విల్ఫ్ నీతో అనడమే కాక వీధి వీధంతా చెప్పుకున్నాడు. నువ్వు మా అమ్మని ఎన్నడూ చూసిందే లేదు, అయినా ఆ జోకు అలాగే నడిచింది.

ఆ వేణ్ణీళ్ళు తిరిగే రేడియేటరు పైన చల్లగా ఉంటే గాలి, కింద చల్లగా ఉంటే బురద అని నాకు నేర్పింది నువ్వే. చిన్న తాళంచెవి నా చేతికిచ్చి గాలి నాచేతే వదిలించావు. నల్లనీళ్ళు నా కొత్త ఏప్రన్ మీద చిమ్మితే మగాళ్ళిద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నీళ్ళు తిప్పే పంపు బిగుసుకుపోతే స్పానరు పిడితో రెండు దెబ్బలు వేసి కదిలించావు. మంట నీలంగా ఉండాలి అమ్మా, పసుపురంగు కనిపించిందంటే ఇంకేం ఆలోచించకండి, కట్టేసి నాకు ఫోను చెయ్యండి అని ఏటా చెప్పేవాడివి. అది చెప్పకుండా ఒక్కసారి కూడా టీ కప్పు ముట్టుకోలేదు.

ఇంకొకటి కూడా చెప్పేవాడివి. పని అంతా అయ్యాక, కిటికీ పక్కన గోడలో ఉన్న గాలి కన్నం మీద అరచెయ్యి పెట్టి చూసేవాడివి. ఏడాగారికి ముక్కు ఇదొక్కటే అమ్మా, ఈ గదిలో గాలే ఆవిడ పీలుస్తుంది, ఇది మూసుకుపోతే ఆవిడ వదిలే విషానికి వాసన కూడా ఉండదు అనేవాడివి. రెండో ఏడు విల్ఫ్ అందులో పాత పేపర్లు కుక్కితే నువ్వు ఎంత కోపంగా మాట్లాడావో నాకు ఇంకా గుర్తే. ప్రమాదమని ఎర్ర చీటీ అంటించి గ్యాసు కట్టేసి పోతానన్నావు. నీ ఇష్టం వచ్చినట్టు అరవరా, ఈ కుర్చీలో కూర్చునేది నువ్వా నేనా అని ఆయన తిరగబడ్డాడు. నిజమే, ఆయన కుర్చీ సరిగ్గా ఆ కన్నం కిందే. గాలి నేరుగా మెడ మీదికి వస్తుంది. అయినా పేపర్లు ఆయనచేతే తీయించావు. గాలి బయటి నుంచి తనే లాక్కునే కొత్తరకం బాయిలర్ పెట్టించుకోండి, ఈ బాధే ఉండదని కూడా చెప్పావు. ఏడా నాతోపాటే పోతుందిలేరా అన్నాడు విల్ఫ్.

రాస్తూ ఉంటే చెయ్యి పీకుతోంది. మిగతాది తర్వాత.

మంగళవారం

రెండు రోజులు ఈ కాగితం టీపాట్ కిందే పెట్టి చుట్టూ తిరిగాను.

గుండె ఆపరేషను అయ్యాక విల్ఫ్ సగం మనిషైపోయాడు. కోట్లు రెండు తొడుక్కున్నా చలే. నా చేతుల్లో ఆయన చేతులు చేపముక్కల్లా ఉండేవి. యాభై రెండేళ్ళు నాతో కాపురం చేసినవాడు, ఎవరి దగ్గరా చెయ్యి చాచనివాడు, విన్నీ, చలేస్తోందే అని చిన్నపిల్లాడిలా అనేవాడు. అది నేను తట్టుకోలేకపోయాను.

నిరుడు క్రిస్మస్‌కి ముందు నుంచి పడ్డ మంచు నీకు చెప్పాలా. ఊళ్ళో సగం మంది నీ ఫోనుకే చేశారు. పక్కింటి ఓలివ్ కొత్త బాయిలర్ ఆగిపోతే, గోడ బయటి తెల్ల గొట్టంలో నీళ్ళు గడ్డకట్టాయని పట్టుకున్నావు. వేణ్ణీళ్ళ సంచి దాని మీద పెట్టి కరిగించావు, మరిగే నీళ్ళు పోస్తే గొట్టం పగులుతుందని ఆవిడకి చెప్పావు. అయిపోయాక మా గుమ్మం దాకా వచ్చి, ఏడాగారు ఎలా ఉన్నారమ్మా అని అడిగావు. బాగానే ఉంది నాయనా అన్నాను. ఇల్లు చిందరవందరగా ఉంది, టీకి ఇంకోసారి రా అన్నాను. ముక్కు ఎర్రగా అయ్యేలా చలిలో నిలబడ్డావు, అయినా లోపలికి రమ్మనలేదు.

అప్పటికే మా ఇద్దరికీ తలనొప్పి, వికారం. డాక్టరు ఫ్లూ అన్నాడు. నేను విట్‌బీలో మా చెల్లెలి మరిది అంత్యక్రియలకి వెళ్ళాను. అక్కడ రెండో రోజుకే నా తలనొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది, సముద్రపు గాలి మారింది కదా అనుకున్నాను. బుధవారం పొద్దున బస్సు దిగి ఇంటికొస్తే విల్ఫ్ కుర్చీలో ఉన్నాడు. బుగ్గలు ఎర్రగా, చలి పోయినవాడిలా ఉన్నాడు, ఊపిరి మాత్రం లేదు. గ్యాసు కట్టేశాను, తలుపులు తీశాను, నువ్వు నేర్పినట్టే చేశాను. ఫోను ఆ తర్వాత చేశాను.

ఆయన చావు మీద జులైలో జరిగిన విచారణ నీకు తెలిసిందే. విషగాలి పసిగట్టి మోగడానికి నువ్వు బిగించిన అలారంలో బ్యాటరీ ఎందుకు లేదని అడిగితే, టీవీ రిమోట్‌కి వేశామని చెప్పాను. అందరూ జాలిగా చూశారు. నిపుణుడు లేచి, బాయిలర్ లోపల వేలు లోతున మసి ఉందన్నాడు. పొగగొట్టం బాగుంది, గోడలో కన్నం తెరిచే ఉంది, కాబట్టి నాలుగు నెలల్లో ఇంత మసి పట్టడానికి కారణమేమీ లేదు, సెప్టెంబరులో శుభ్రం చేశానని ఈయన చీటీ రాశాడు గానీ మూత కూడా తియ్యలేదు అన్నాడు. నువ్వు లేచి, తీశాను సార్ అన్నావు. అంతకన్నా ఇంకేం చెప్పగలవు, చూసినవాళ్ళు లేరు. భోజనాల వేళ వరండాలో నా దగ్గరికొచ్చి, తల వంచుకుని ఒకే ఒక్క ప్రశ్న అడిగావు. అమ్మా, ఆ కన్నం మూశారా అని. నేను నా చేతితొడుగులు చూసుకుంటూ, లేదు నాయనా అన్నాను. మీకు అలాంటి కష్టమొచ్చినప్పుడు ఇలా అడిగినందుకు క్షమించండమ్మా అన్నావు.

సరే, బోర్డువాళ్ళకి ఇలా రాస్తాను. కోలిన్ రెయిన్ పద్నాలుగేళ్ళు మా ఇంట్లో పని చేశాడు, ఒక్క మర కూడా నిర్లక్ష్యంగా బిగించలేదు, అతని మీద నాకు ఏ కోపమూ లేదు, దయతో చూడండి. ఇది చాలనుకుంటాను. మరియన్‌కీ పిల్లలకీ నా ముద్దులు.

ఇట్లు
నీ మేలు కోరే
విన్నీ స్టాబర్ట్

తా.క. బుధవారం పొద్దున. కవరు అంటించి, మళ్ళీ కెటిల్ ఆవిరి పట్టి విప్పాను. దయతో చూడమంటానా! తప్పు చేసినవాడికి కదా దయ.

నాయనా, ఆ కన్నం మూసింది నేను. పేపర్లతో కాదు. కొలత తీసి, గోడరంగు గుడ్డ వెతికి తెచ్చి, లోపల పాత మేజోళ్ళు కుక్కి చక్కటి మెత్త కుట్టాను. పెట్టినట్టే తెలియదు. ఏటా నువ్వు వచ్చి వెళ్ళాక పెట్టేదాన్ని, మళ్ళీ నువ్వొచ్చే ముందు తీసేదాన్ని. మూడు చలికాలాలు ఏమీ కాలేదు. నిరుడు మాత్రం మంచుకి బాయిలర్ రాత్రీ పగలూ మండింది. గాలి అందక మంట పసుపురంగుకి తిరగడం నేను చూశాను, లోపలి మసి దానిదే. చూడ్డానికి వెచ్చగా ఉందే అన్నాడు విల్ఫ్. నీకు ఫోను చేస్తే గోడ చూస్తావని చెయ్యలేదు. నువ్వు గుమ్మంలో నిలబడిన రోజున ఇల్లు చిందరవందరగా లేదు.

ఆయన్ని అలా చూశాక, ఫోను చేసే ముందు ఆయన టీ కప్పు కడిగాను. తువ్వాలు మడతపెట్టాను. మెత్త పీకి చేతిసంచిలో పెట్టి జిప్పు వేశాను. పదిమందీ వస్తారని ఇల్లు సర్దుకునే బుద్ధి, అంతే, ముందు అంతే. పోలీసాయన ఆ కన్నం చూపించి, ఇది ఎప్పుడూ ఇలాగే తెరిచి ఉంటుందా అని అడిగాడు. ఉంటుందన్నాను. ఆ తర్వాత ఎవరడిగినా అదే చెప్పాను. నా మొగుణ్ణి నేనే చంపుకున్నానన్న మాట నోటితో అనలేక, నీ నెత్తిన రుద్దాను.

నువ్వు బ్రష్షు పెట్టావు, కోలిన్. మెట్ల మీద కూర్చుని ఇక ఆలోచించకు. మూత తీసి గోడకి ఆనించావు, మోకాళ్ళ కింద మా పాత దిండు వేసుకున్నావు, అరగంట తోమావు. మసి పట్టిన ఆ బ్రష్షు సింకులో కడిగి నీ చేతికిచ్చింది నేనే. ఆ సమయానికి పెరట్లో బట్టలు ఆరేస్తున్నానని విచారణలో ప్రమాణం చేసి చెప్పాను.

దీనితో వచ్చే పొట్లంలో ఆ మెత్త ఉంది. ఉతకలేదు, లోపలివైపు మసి అలాగే ఉంది. బోర్డు ముందు పెట్టు. ఇదంతా విచారణాధికారికి వేరే కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఈ పొద్దున్నే పోస్టులో వేసి వచ్చాను. పోలీసులు ఎప్పుడొస్తారో తెలియదు, అందుకని గడియ వెయ్యడం లేదు. కన్నం తెరిచే ఉంది. విల్ఫ్ కుర్చీలో కూర్చునే ఇదంతా రాశాను, గాలి నేరుగా మెడ మీదికే వస్తోంది.