మిరపనారుకీ నిద్ర కావాలి

మామయ్యా,

మీకు ఇప్పుడే కునుకు పట్టింది, అందుకే లేపలేదు. నాకు పనికెళ్లే బస్సు వేళైంది. చిక్కుడు గింజల సూప్ పొయ్యి మీద ఉంది. వేడి చేసుకుని తినండి, ఒట్టి బ్రెడ్డుతో సరిపెట్టకండి.

మిరపనారు ఎదిగి లైటుకు తగులుతోంది. లైటు పళ్లేన్ని గొలుసుతో బెత్తెడు పైకెత్తి కట్టండి. ఒక మూల ఎల్‌ఈడీ పట్టీ ఊడుతోంది, మళ్లీ అంటించండి. చీజ్ పొరల రొట్టె, బానిత్సా కాల్చే పళ్లేనికి తూట్లు పొడిచి మీరు ఈ లైటు చేశారని అత్తయ్య చివరిదాకా సణుగుతూనే ఉంది. నాకూ కోపమే. ఆవిడ నలభయ్యో రోజు ప్రార్థనకు బానిత్సా దేంట్లో కాల్చను?

ఆవిడ పోయినప్పటి నుంచి ఆ లైటు రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంది. నలభై రోజులూ ఆవిడ గదిలో దీపం ఆరకూడదని మీ పట్టుదల, నాకు తెలుసు. కానీ ఆకులు పాలిపోయి ముడుచుకుంటున్నాయి. అది ఆవిడ తన చేత్తో దాచిన ఆఖరి విత్తనాల నారు. లైటుకు బదులు ఆవిడ గదిలో మేరీమాత పటం ముందు నూనె దీపం పెట్టాను. దాన్ని ఆరనివ్వకండి. ఈ లైటు మాత్రం రాత్రిపూట ఆర్పేయండి.

ఇస్క్రా

ఇంకో మాట. "వల్కో, ఆపవయ్యా దాన్ని! నాకూ నిద్ర లేదు, నా మిరపలకూ నిద్ర లేదు" అని ఆవిడ మంచం మీంచి అరిస్తే గానీ మీరు లేచేవారు కాదు. గోడకవతల నా గదిలోంచి రోజూ వినేదాన్ని. ఈ రాత్రి నుంచి నేను అరుస్తాను. విసుక్కోండి, కానీ లేవండి.