మలావికి ఓడెక్కిన పార్టీ లుంగీలు

జోంబా, మలావి దేశం
1985 జూన్

పూజ్యులైన పెదనాయనకు కోకిల నమస్కరించి రాసేది. ఇక్కడ నేను క్షేమం. దోమలు నాకన్నా క్షేమం.

మీరు చెప్పినట్టే తెలుగులో రాస్తున్నాను. "అరవంలో రాస్తే పోస్టాఫీసులో నటరాజన్ చదివేస్తాడు, మనింటి గుట్టు ఊరంతా తెలిసిపోతాది" అని నేను బయల్దేరే ముందు అన్నారు కదా. మీకు తెలుగు చదవడం రాదు కాబట్టి దీన్ని బలరామయ్య మాష్టారు మన అంగట్లో కూర్చుని గట్టిగా చదువుతారనీ, లుంగీలు కొనవచ్చిన వాళ్ళందరూ వింటారనీ నాకు తెలుసు. అయినా నటరాజన్‌కు మాత్రం తెలియదు. మనకు అంతే చాలు.

పొద్దున ఇక్కడి ఆస్పత్రిలో పిల్లల వార్డు నాది. మంచానికి ఇద్దరు పిల్లలు, వానాకాలంలో ముగ్గురు. అంతా మలేరియానే. నిన్న ఎస్నత్ అనే తల్లి ఫిట్స్ వచ్చిన బిడ్డను వీపున కట్టుకుని కొండదారిలో నడిచి వచ్చింది. ఆ బిడ్డ దక్కింది. పక్క మంచంలో బిడ్డ దక్కలేదు. వేలూరులో చదివేటప్పుడు ఇలాంటివి చూడలేదని కాదు, ఇన్ని చూడలేదు.

మధ్యాహ్నం పరిశోధన పని. మందులో ముంచిన దోమతెర కట్టుకుంటే పిల్లలకు జ్వరాలు తగ్గుతాయా అని చూస్తున్నాం. చీట్లు వేసి సగం ఊళ్ళకు తెరలిచ్చాం. మిగతా సగానికి ఇప్పుడు ఇవ్వం. వచ్చే వానాకాలం గడిచాక రెండు వైపులా పిల్లల రక్తం చూసి పోలుస్తాం. తేడా తేలితే దేశమంతా ఇంటింటికీ తెరలు ఇస్తామని ఇక్కడి సర్కారు మాటిచ్చింది. అందుకని ఈ పోలిక ఎక్కడా చెడకూడదు. తెరలు రాని నాసోలో అనే ఊరి పెద్ద మాత్రం రోజూ వచ్చి "మా పిల్లలేం పాపం చేశారు?" అని అడుగుతున్నాడు. నేను టీ ఇచ్చి పంపుతున్నాను.

ఇట్లు,
మీ కోకిల

తా.క.: పెద్దమ్మ ఇచ్చిన ఊరగాయ జాడీని విమానాశ్రయంలో తెరిపించారు. ఆఫీసరు వాసన చూసి, తుమ్మి, కళ్ళు తుడుచుకుని, మిగతా పెట్టెలు తెరవకుండానే నన్ను దేశంలోకి వదిలేశాడు.


గుడియాత్తం, తమిళనాడు
1985 జూలై

చిరంజీవి కోకిలకు పెదనాయన గోవిందరాజు దీవించి, బలరామయ్య చేత రాయించేది. ఇక్కడ అందరం బాగున్నాం, నీ ఉత్తరం వినేంతవరకు.

అంగట్లో చదివించాం. అందరికీ ఒళ్ళు మండింది. సగం ఊళ్ళకిచ్చి సగం ఊళ్ళకు ఎగ్గొట్టడమా? అదీ చీట్లు వేసి? చీట్ల సంగతి నాకు చెప్పకు. మొన్న మా సంఘం వాళ్ళు తిరుపతి బస్సులో సీట్లకు చీట్లు వేశారు. కిటికీ పక్క సీట్లన్నీ కార్యదర్శి అత్తగారింటి వాళ్ళకే వచ్చాయి. నాకు వెనక చక్రం మీది సీటు వచ్చింది. ఇప్పటికీ నడుము నొప్పి.

అసలు సంగతి చెప్పు. తెరలు వచ్చిన ఊళ్ళది ఏ పార్టీ? రాని ఊళ్ళది ఏ పార్టీ? "బిడ్డల నోరు కొట్టి పరిశోధన యాడన్నా ఉంటాదా?" అని మీ పెద్దమ్మ కూడా అడుగుతోంది. నిన్ను డాక్టరు చదివించింది ఇలాంటి అన్యాయం చేయడానికా?

పైగా ఇది నాకు ఎలాంటి సమయమో నీకు తెలుసు. మా కళగం పార్టీ నుంచి ఈసారి కౌన్సిలర్ టికెట్ నాకే ఖాయం. ఓటర్లకు పంచడానికి పార్టీ రంగులతో, నలుపు ఎరుపు అంచు వేసి లుంగీలు నేయిస్తున్నాను. అదే టికెట్ కోసం వేలాయుధం కూడా కాచుకుని ఉన్నాడు. మా ఇంటి ఆడబిడ్డ జనం మధ్య పక్షపాతం చూపిందని తెలిస్తే వాడు మైకు పెట్టి చెబుతాడు. కాబట్టి నాసోలో ఊరికి దోమతెరలు నేను పంపిస్తాను. విలాసం రాయి.

ఇట్లు,
ఆశీస్సులతో పెదనాయన

తా.క. (బలరామయ్య): అమ్మాయీ, పైన 'అన్యాయం' అని ఉన్నచోట మీ పెదనాయన వేరే మాట చెప్పాడు. నేను మార్చి రాశాను. ఆ మాట తెలుగు నిఘంటువులో లేదు. అరవంలో కూడా బస్టాండులోనే ఉంది.


జోంబా
1985 ఆగస్టు

పెదనాయనకు కోకిల దణ్ణం పెట్టి, ఆ తర్వాత కాళ్ళు కూడా పట్టుకుని రాసేది.

దోమతెరలు పంపకండి. మీరు కొత్త రంగు తెప్పించినప్పుడు ఏం చేస్తారు? ఒక నూలు కట్టను రంగులో ముంచి, ఇంకో కట్టను ముంచకుండా ఉంచుతారు. రెండూ పక్కపక్కన పెడితేనే రంగు ఎంత పట్టిందో తెలుస్తుంది. ఇదీ అంతే. నాసోలో వాళ్ళు ముంచని కట్ట. వాళ్ళ పిల్లలకు జ్వరం వస్తే మేమే వైద్యం చేస్తాం, మందులు ఊరికే ఇస్తాం. వానాకాలం గడవగానే వాళ్ళకూ తెరలిస్తాం, గోడౌనులో సిద్ధంగా ఉన్నాయి. ఈలోగా మీరు ఆ ఊరికి ఒక్క దోమతెర పంపినా మొత్తం పని పాడవుతుంది. ఆ తర్వాత ఈ దేశంలో ఏ బిడ్డకూ తెర రాదు. దయచేసి అర్థం చేసుకోండి.

ఏ పార్టీ అని అడిగారు. ఈ దేశంలో ఉన్నది ఒకటే పార్టీ.

ఇట్లు,
మీ కోకిల

తా.క.: మీరు తన పక్షాన పోట్లాడుతున్నారని నాసోలో పెద్దకు చెప్పాను. ఏడ్చినంత పని చేశాడు. టీ ఇవ్వకుండా తన మాట విన్న మొదటి మనిషి మీరేనట.


గుడియాత్తం
1985 అక్టోబరు

చిరంజీవి కోకిలకు పెదనాయన దీవించి రాయించేది. నా ఆరోగ్యం బాగుంది. మనసు బాగాలేదు.

ఒకటే పార్టీ అన్నావు. అది విని బలరామయ్య చేత మళ్ళీ చదివించాను. "మరి టికెట్ రానోడు యాడికి పోతాడమ్మా?" ఈ ప్రశ్న నాకెందుకు తట్టిందంటే, నాకు టికెట్ రాలేదు. వేలాయుధానికి ఇచ్చారు.

ఇక లుంగీల కథ విను. అవి పంచితే ఆ అంచు చూసి జనం వేలాయుధానికి ఓటేస్తారు. పంచకపోతే ఎలుకలు కొరుకుతాయి. ఎదుటి పార్టీ వాళ్ళు ఆ రంగును ముట్టుకోరు. చివరికి వేలాయుధమే మనిషిని పంపి సగం సరుకు బేరమాడకుండా కొన్నాడు. నేను వ్యాపారిని కాబట్టి అమ్మాను. మనిషిని కాబట్టి ఆ డబ్బు లెక్కపెట్టకుండానే పెట్టెలో పడేశాను.

మిగతా సగాన్ని నాసోలోకు ఓడెక్కించాను, తెరలు రాని ఊళ్ళన్నిటా ఇంటికొకటి చొప్పున పంచమని. అక్కడ బ్లాంటైర్‌లో మా సరుకు కొనే గుజరాతీ సేటు ఉన్నాడు, అతనే లారీలో ఆ ఊరి పెద్దకు చేరుస్తాడు. నువ్వు దోమతెరలు పంపవద్దన్నావు. పంపలేదు. నా మాట నువ్వు వినకపోయినా నీ మాట నేను విన్నాను. ముంచని కట్ట అన్నావే, అది విని మా అందరికీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముంచకపోతే పోనీ, కట్టుకోవడానికి బట్టయినా ఉండాలి కదా.

ఇట్లు,
పెదనాయన

తా.క. (బలరామయ్య): కళ్ళలో నీళ్ళు తిరిగింది ఇద్దరికి. ఒకరు మీ పెదనాయన. రెండోవారు మీ పెద్దమ్మ పంకజమ్మ గారు, ఆవిడ ఉల్లిపాయలు తరుగుతున్నారు.


జోంబా
1986 జనవరి

పెదనాయనకు కోకిల రాసేది. క్షేమం అని రాయలేను.

మీ లుంగీలు వచ్చాయి. నాకు తెలిసేలోపే నాసోలో పెద్ద తెరలు రాని ఊళ్ళన్నిటా ఇంటింటికీ పంచేశాడు. ఇక్కడ ఆడవాళ్ళు మన లుంగీ లాంటి బట్టనే నడుముకు చుట్టుకుంటారు. నలుపు ఎరుపు అంచు చూసి తెరలు వచ్చిన ఊళ్ళ వాళ్ళకు కడుపు మండింది. "మాకేమో శవం మీద కప్పేలాంటి తెల్లగుడ్డ, మందు కంపుతో. వాళ్ళకేమో చర్చికి కట్టుకుపోయే బట్టా?" అన్నారు. తర్వాతి సంతలో మార్పిడి మొదలైంది. తెర ఇచ్చి లుంగీ, లుంగీ ఇచ్చి తెర. మీరు చూసి ఉంటే మీ అంగడి కన్నా జోరుగా ఉందనేవారు.

ఇప్పుడు ఏ ఇంట్లో తెర ఉందో, ఏ ఇంట్లో లేదో ఎవరికీ తెలియదు. అడిగితే అందరూ ఉందనే అంటారు, లేదంటే తిడతామని భయం. మా పెద్ద డాక్టరు మెక్లీన్ గారు కోపం వస్తే అరవరు, తన పొగాకు పైపు తుడుస్తారు. పొద్దున్నుంచీ తుడుస్తూనే ఉన్నారు. పరిశోధన ఆపేయమని, దీనికి డబ్బిచ్చే లండన్ వాళ్ళ నుంచి ఉత్తరం వస్తుందట. అది ఆగితే సర్కారు మాట కూడా పోయినట్టే. దేశంలో పిల్లలకు తెరలు ఉండవు, నాకు పని ఉండదు.

మీ మీద నాకు కోపంగా ఉంది. మంచానికి ముగ్గురు పిల్లలు పడుకున్న వార్డులో, పక్కన మీ లుంగీ కట్టుకుని నిలబడ్డ తల్లులను చూస్తే ఏడుపొస్తోంది.

కోకిల

తా.క.: ఎన్నిసార్లు ఉతికినా రంగు దిగడం లేదని అందరూ మెచ్చుకుంటున్నారు. దానికి కూడా నాకు కోపమే.


గుడియాత్తం
1986 మార్చి

బలరామయ్యా, నేను చెప్పేది చెప్పినట్టే రాయి, దిద్దొద్దు.

అమ్మా కోకిలా, తప్పయిపోయినాది. బట్ట ఇస్తే చెడిపోయే పని ఒకటి ఉంటాదని నాకు తెలీదు తల్లీ. ఇన్నేండ్లుగా అంగట్లో కూచోనుండాను, బట్ట ఇచ్చి ఎవురినీ చెడగొట్టింది లేదు. మీ నాయన పోయినప్పుడు నువ్వు నా ఏలు పట్టుకోని నిలబడినావు. నీ పని పోయిందంటే, ఆ పిల్లకాయలకు తెర లేకుండా పోయిందంటే, నాకు అన్నం దిగడం లే. ఎలక్షన్ అయిపోయింది. వేలాయుధం నా లుంగీలే వార్డంతా పంచి గెలిచినాడు. దానికి నాకు బాధ లే. మీ దొరకు నేనే జాబు రాస్తా. కావాలంటే నేనే వచ్చి ఎదురుగా నిలబడి చెప్తా, తప్పు నాది, పిల్లది కాదు అని. నువ్వు మాత్రం ఏడవొద్దమ్మా.

మీ పెదనాయన

తా.క. (బలరామయ్య): అన్నం దిగడం లేదన్నది నిజమే. ఇడ్లీలు దిగుతున్నాయి. కానీ అమ్మాయీ, మీ పెదనాయన బేరమాడటం మానేశాడు. అడిగిన ధరకే ఇచ్చి పంపేస్తున్నాడు. ఈ సంగతి బజారులో పొక్కింది, రోజూ రద్దీగా ఉంది. నువ్వు తొందరగా జవాబు రాయకపోతే అంగడి మిగలదు.


జోంబా
1986 జూన్

పూజ్యులైన పెదనాయనకు కోకిల మనసారా నమస్కరించి రాసేది. ముందు కడుపునిండా అన్నం తిని, ఆ తర్వాత దీన్ని చదివించుకోండి.

పని పోలేదు. మీ లుంగీలే కాపాడాయి. లండన్ ఉత్తరం కోసం ఎదురుచూస్తూనే మేం పిల్లల రక్తం తీయడం ఆపలేదు. ఒకరోజు తల్లుల వరుస చూస్తుంటే, జ్వరం పిల్లలను ఎత్తుకున్న వాళ్ళలో ఎక్కువమంది నలుపు ఎరుపు అంచు కట్టుకుని కనిపించారు. అప్పుడు బుర్రకు తట్టింది. తెర ఉందా అంటే అబద్ధం చెబుతారు, లుంగీని మాత్రం ఎవరూ దాచరు. మీరు ఇంటికొకటే పంపారు, మేమూ ఇంటికొకటే తెర ఇచ్చాం. తెర ఇచ్చేసిన ఇంట్లో లుంగీ ఉంది. లుంగీ ఇచ్చేసిన ఇంట్లో తెర ఉంది. రెండూ ఉన్న ఇల్లు లేదు. మెక్లీన్ గారికి చెబితే పైపు పక్కన పెట్టి, "మళ్ళీ చెప్పు" అన్నారు.

చీట్లు వేసినంత పక్కా పోలిక కాదని ఆయన గొణిగారు. అయినా లుంగీ ఇళ్ళనూ లుంగీ లేని ఇళ్ళనూ విడదీసి లెక్క వేయించారు. లుంగీ ఇళ్ళల్లో జ్వరాలు చాలా ఎక్కువ. తెర పనిచేస్తోంది! సర్కారు ఒప్పుకుంది, దేశమంతా తెరలు ఇస్తుంది.

ఇక మీరు ఓర్చుకోవాల్సిన భాగం. ఆ సంగతి రేడియోలో చెప్పినతను తెర మాట మరిచిపోయాడు. "భారతదేశపు లుంగీలున్న ఇళ్ళల్లో మలేరియా ఎక్కువ" అని చెప్పి పాట వేసేశాడు. మర్నాడు పొద్దున్నే ఆస్పత్రి వరండాలో లుంగీల కుప్ప. జనమంతా తోసుకుంటూ వచ్చి తెరలు అడిగారు. నిన్నటిదాకా శవంగుడ్డ అన్నవాళ్ళే. గోడౌను ఖాళీ అయింది.

నిజం చెబుదామని వరండాలో నిలబడ్డాను. "బట్టలో దోషం లేదు" అని మొదలుపెట్టాను. ముందు వరుసలో ఎస్నత్, చంకలో ఆ ఫిట్స్ బిడ్డ, రెండో చంకలో తెర. "అయితే తెర వెనక్కి ఇచ్చి లుంగీ తీసుకోవాలా డాక్టరమ్మా?" అంది. నేను నోరు మూసుకున్నాను. ఇప్పటికీ తెరవలేదు.

పెదనాయనా, ఈ దేశంలో మన గుడియాత్తం లుంగీ పరువు పోయింది. ఆ సేటు ఇక మీ సరుకు ముట్టుకోడు. ఆ పరువు తీసింది నేనే. మీరు తిడితే పడతాను. కానీ ఈ పొద్దున వార్డుకు వెళితే మంచానికి ఒక్క బిడ్డే. రెండు మంచాలు ఖాళీ.

ఇట్లు,
మీ కోకిల

తా.క.: బలరామయ్య మాష్టారూ, లుంగీ వల్ల జ్వరం అన్నచోట గొంతు తగ్గించి చదవండి, పెదనాయన వ్యాపారం పాడవుతుంది. కానీ వేలాయుధం గారు వార్డంతా పంచిన లుంగీలకూ అదే అంచు కదా, ఆయన గానీ అంగట్లో ఉంటే గట్టిగానే చదవండి.