మిగిలిన ఒక్క ఒప్పిగె

అమ్మా అంబికా,

గూళూరులో కడుతున్న నీళ్ల ట్యాంకు కూలి మీ ఆయన మూర్తి పోవడంపై మన ఇంజనీర్ల సంఘం ప్రకటన సిద్ధమైంది. "సిమెంటు తక్కువేస్తాండారని ఆయన ముందే చెప్పినాడు, అది రాయండప్పా" అన్నావు. రాశాను. అధ్యక్షులు కొట్టేశారు. కాంట్రాక్టరు అధ్యక్షుల బావమరిదని నీకూ తెలుసు. "సచ్చినోడికి నిజమెందుకప్పా, బతికినోళ్లకు పనులు కావల్ల" అన్నారు. ఇప్పుడు "సభ్యుని అజాగ్రత్త వల్ల జరిగిన ప్రమాదం" అని ఉంది.

కమిటీలో అందరూ వాట్సాప్ గ్రూపులో సమ్మతేనని ఒప్పిగె నొక్కితేనే ప్రకటన వెబ్‌సైటుకు ఎక్కాలి. ఆ నియమం పట్టుబట్టి తెచ్చింది మూర్తే. మేమంతా నొక్కాం. కమిటీలో మూర్తి పేరు ఇంకా తీయలేదు, ఆయనదే మిగిలింది.

ప్రకటన వచ్చాకే నీ పరిహారం అర్జీ పంపుతారట. ఆయన ఫోను నీ దగ్గరే ఉంది కదా, సాయంత్రంలోగా నొక్కమ్మా. నువ్వు నొక్కినా ఆయన పేరే పడుతుంది.

సంఘం కార్యదర్శి
బాగేపల్లి