రోహన్ ఎక్కని పార్కు

సౌభాగ్యా,

రైల్వే షెడ్డు గేటు దగ్గర ధర్నాకి పోతున్నాను. పప్పు కుక్కర్లో ఉంది, పోపు నువ్వు పెట్టుకో.

సెలవులకి ఈసారి హైదరాబాద్ పార్కు వద్దు, బెంగళూరు పార్కుకి పోదాం. నువ్వు ఊఁ అంటే సాయంత్రమే రైల్వే పాసు పెడతాను. తెలిసిన పార్కయితే హాయి అని నిన్న నువ్వన్నావు. ఏటి హాయి? పోయినేడు నేను అక్కడ ఊడ్చే ఆడవాళ్ళకి జీతం అర్జీ రాసిపెడుతూ గేటు దగ్గరే ఉండిపోయాను. ఈలోగా సీపత్ ఊరి నుంచి వచ్చిన మీ తమ్ముడు రోహన్ పిల్లని రైడ్లన్నీ ఎక్కించేశాడు. ఫ్రిజ్ మీద ఫోటో చూడు, హరిప్రియ వాడి చెయ్యి పట్టుకునే అరుస్తోంది. ఇప్పుడూ "రోహన్ మామ వస్తేనే వస్తా" అంటోంది. నాన్నేటి, సామాన్ల కాపలావాడా?

బావమరిది పేరు పాసులో పట్టదని వాడికి చెప్పు. ఇన్నేళ్ళ సర్వీసులో నాకు నచ్చిన రూలు అదొక్కటే.

బెంగళూరులో ఎవరికీ అర్జీ రాయను, ఒట్టు.

— గిరిబాబు

ఎత్తెక్కితే నాకు కళ్ళు తిరుగుతాయని పిల్లకి చెప్పకు. దాని పక్క సీటు నాదే.