కార్జం దాచుకున్న రాగి

మంగళవారం, మదనపల్లె

స్నానం చేసినా ఆ గొర్రె పచ్చబడిన కళ్ళే కనిపిస్తున్నాయి. నల్లటి మూత్రం పోసి, నా చేతుల్లోనే ప్రాణం విడిచింది.

"పుంగనూరు సంతకు టెంపోలో తీసకపోయి, అమ్ముడుపోక ఎనక్కి తెచ్చినా డాక్టరమ్మా. ఎండదెబ్బ తగిలుంటాది," అన్నాడు రెడ్డెప్ప.

కోసి చూస్తే కార్జం పసుపు, మూత్రపిండాలు నలుపు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. టమోటా ధర పడిపోయిందని, కాయలు కోయకుండా చేన్లోకి రోజూ గొర్రెల్ని తోలాడట. తెగులుకని రాగి మందు పదేపదే కొట్టిన చేను అది!

అయినా ఇన్నాళ్ళూ దానికేమీ కాలేదు. నాకు ఆశ్చర్యమంతా అక్కడే. రాగి చేరేకొద్దీ కార్జంలోని కణాలు మెటలోథయోనిన్ అనే ప్రోటీన్ తయారుచేసి, దాంతో రాగిని పట్టి కట్టేస్తాయి. గొర్రె మేస్తుంది, పిల్లకు పాలిస్తుంది. లోపలి కాపలా సంగతి దానికే తెలియదు. టెంపోలో దాహం, భయం, కుదుపులు కలిసి ఆ కట్టు తెంచేశాయి. రాగి నెత్తుట్లో పడి రక్తకణాలు పగిలిపోయాయి.

"మ్యాక గూడా ఈటితోనే మేసింది గదమ్మా, దానికేం కాలేదే?"

"మ్యాక అంతగా దాచుకోదప్పా. గొర్రె కార్జం వచ్చిందంతా పట్టి పెట్టుకుంటాది."

మిగతావాటికి రాగి విరుగుడు మందు మొదలుపెట్టి, వాటిని యాడికీ తోలొద్దని చెప్పాను. దొడ్లో అన్నీ నిమ్మళంగా నెమరువేస్తున్నాయి. ఏ కార్జం ఎంత మోస్తోందో... ఒకదాని వీపు నిమురుదామని చెయ్యి చాచి, బెదురుతుందేమోనని వెనక్కి తీసుకున్నాను.