ఖాళీ ప్రింటర్‌కి వచ్చిన కాగితం

మంగళవారం రాత్రి, గ్వెల్ఫ్, కెనడా

ఈ టర్మ్‌లో కొత్తగా చేరిన స్టూడెంట్లకి లెక్కే లేదు. లైబ్రరీలో ప్రింటర్ల ముందు క్యూ మెట్ల దాకా వచ్చేది. పై అంతస్తు ప్రింటర్ బిజీగా ఉంటే ప్రింట్లు వాటంతట అవే ఖాళీగా ఉన్న ఇంకో ప్రింటర్‌కి వెళ్లేలా మూడు వారాలు కూర్చుని నేనే సెట్ చేశాను. శ్రావణి పక్కన టీ తాగుతూ చూసింది. రూమ్మేటే కాదు, లైబ్రరీ హెల్ప్ డెస్క్‌లో నాతోపాటు పార్ట్‌టైమ్ కూడా.

అక్కడ ఫుల్‌టైమ్ పోస్టు ఒక్కటే పడింది. "నేను అప్లై చెయ్యన్లే, నువ్వు చెయ్యవే" అంది పోయిన వారం. ఈ దేశంలో ఉండిపోవాలంటే కావాల్సిన పీఆర్‌కి నాకు ఆ ఉద్యోగం ఎంత అవసరమో దానికి తెలుసు.

ఇవాళ మధ్యాహ్నం కింద నా పక్కనున్న ప్రింటర్‌లోంచి ఓ కాగితం వచ్చింది. ఆ పోస్టుకే అప్లికేషన్, కింద శ్రావణి పేరు. ప్రింటర్ల ఏర్పాటంతా తనే తయారు చేసిందట! ఆ వాక్యాలు కూడా నావే. తప్పులుంటే దిద్దమని నా అప్లికేషన్ దానికే ఇచ్చాను, ఇంకా పంపలేదు కూడా.

అంతలో శ్రావణి రొప్పుతూ మెట్లు దిగి వచ్చింది.

"పైన ప్రింట్ కొడితే ఇక్కడికెందుకొచ్చిందే?"

కాగితం చేతిలో పెట్టాను. "తయారు చేసింది నువ్వే కదా, నీకు తెలీదా?"

తల దించుకుని వెళ్లిపోయింది.

ఇవాళ వంట దాని వంతు. రోజూలాగే నాకు పప్పు తీసి మూత పెట్టి ఉంచింది. ఆకలి దంచేస్తోంది. ఆ మూత తీయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు...